చిన్న మరమ్మతు

ఒప్పందం పన్నెండో పేజీలో ఉందట:
చిన్న మరమ్మతు కాంట్రాక్టరుది,
పెద్ద మరమ్మతు కార్పొరేషన్‌ది.
ఏది చిన్న, ఏది పెద్ద
పదమూడో పేజీలో కూడా లేదు.

పులియంతోపు ఈతకొలనులో
పంపు గది నాది.
పదహారేళ్లుగా మోటారు గొంతు వింటున్నాను,
దానికి జలుబో, ఆకలో
గుమ్మంలోంచే చెప్పగలను.
కత్తెర ఎండల్లో దగ్గు పట్టింది.
లోపల రబ్బరు వాషరు అరిగింది, అంతే.
సెంబుదాస్ వీధిలో మూడు వందల నలభై.
కాయితం రాసిచ్చాను.

ఆ కాయితం నాకంటే ఎక్కువ ఊరు చూసింది.
జోన్ ఆఫీసులో టీ మరక,
ఇంజనీరు దగ్గర ఎర్ర సిరా,
సూపర్‌వైజరు బెనెడిక్ట్ జేబులో నాలుగు మడతలు.
వాషరు చిన్నదే కదా, అన్నారు వీళ్లు.
వాషరున్న మోటారు పెద్దది కదా, అన్నారు వాళ్లు.
ఈలోగా నీళ్లు పచ్చబడి
వాసనకి వీధి ముక్కు మూసుకుంటే
ఒక రాత్రి నేనే తూము తిప్పి వదిలేశాను.
అడుగున రెండు ఉంగరాలు, ఒక పట్టీ,
ఒక కట్టుడు పన్ను దొరికాయి.
పన్ను కోసం ఇంతవరకూ ఎవరూ రాలేదు.

కౌన్సిల్ సమావేశానికి రవణమ్మా నేనూ వెళ్లాం.
చెప్పులు చప్పుడు చెయ్యకూడదన్నాడు బంట్రోతు.
మా వార్డు సభ్యురాలు మరగదం లేచి
"ఎండిన కొలనుకి నెలనెలా నిర్వహణ బిల్లా?" అంది.
ఎవరో బల్ల చరిచారు.
"ఖాళీగా ఉంచడం కూడా నిర్వహణే" అని జవాబు.
నలభై నిమిషాలు.
తిట్లు తమిళంలో, లెక్కలు ఇంగ్లీషులో.
నేను మా ఇంటి భాషలో
వేళ్లు మడుచుకున్నాను: నాలుగు నెలల జీతం.
చివరికి ఉపసంఘం వేశారు.
మెట్లు దిగుతూ రవణమ్మ అడిగింది,
"సంఘం వాషరు తెస్తుందా అన్నా?"

పిల్లలు సంఘం కోసం ఆగలేదు.
గోడ దూకి కొలనులో క్రికెట్టు మొదలెట్టారు.
లోతు తక్కువ వైపు బ్యాటింగు.
ఎటు కొట్టినా బంతి
దొర్లి దొర్లి పన్నెండడుగుల మూలకే చేరుతుంది.
అక్కడ కదిరవన్ కాపు కాస్తాడు.
ఈత రాదని మునుపు వాణ్ణి
ఆ వైపు రానిచ్చేవాణ్ణి కాదు.
ఇప్పుడు ఆ లోతంతా వాడిదే.

జైతూన్ బీ మాత్రం బుధవారం బుధవారం వస్తుంది.
ఆడవాళ్ల వేళలో నడుము లోతు నీళ్లలో
మోకాళ్ల నొప్పికి నడిచేది,
అటు పది, ఇటు పది, మధ్యలో అల్లా పేరు.
గేటు కడ్డీలు పట్టుకుని
"ఇంకా అలాగే ఉందా?" అంటుంది,
ఆస్పత్రిలో ఉన్న మనిషిని అడిగినట్టు.

దీపావళి వెళ్లిన మూడో నాడు వాయుగుండం.
మోటారు లేకుండా, టెండరు లేకుండా
కదిరవన్ మూల నిండింది.
వాన వెలిశాక దోమల ఇన్‌స్పెక్టరు వచ్చి
నిలవ నీటికి జరిమానా రాశాడు.
కార్పొరేషన్ కొలనుకి కార్పొరేషన్ చీటీ.
వాన పెద్ద మరమ్మతు కిందికి వస్తుందన్నాడు బెనెడిక్ట్.
సాక్షి సంతకం నన్ను పెట్టమన్నారు.
మా నాయన ఉదయగిరి నుంచి
మూటలో తెచ్చిన అక్షరాల్లో
పెంచలయ్య అని రాశాను.
ఇన్‌స్పెక్టరు చీటీని అటు తిప్పి ఇటు తిప్పి
ఇది చిన్న తప్పో పెద్ద తప్పో తేలక
అలాగే ఫైల్లో పెట్టుకున్నాడు.

ఒక మాట ఎవరికీ చెప్పలేదు.
వాషరు ఆగస్టులోనే కొన్నాను,
రవణమ్మ దగ్గర రెండొందలు అప్పు చేసి.
బిగిస్తే అది చిన్నదని తేలిపోతుంది.
తేలితే ఒకరికి పరువు, ఒకరికి బిల్లు, నాకు పని
పోతాయి.
చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను,
ఉతికినప్పుడల్లా తీసి, ఆరాక మళ్లీ వేసి.

రేపు బుధవారం.
పంపు గది తాళం కూడా
ఆ జేబులోనే ఉంది.